విశాఖ దారుల్లో రాళ్లు, ఫలకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పాత కట్టడాలు చూపించడానికి నేను నడిపే ఆదివారం ఉదయపు నడకలకు వచ్చేవారు, పిల్లల సెలవుల ప్రాజెక్టు కోసం ఫోను చేసే తల్లిదండ్రులు, పై ఊళ్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చి బీచ్ రోడ్డులో బోర్డుల ముందు ఆగినవారు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది, కొన్నిటికి సరిపోలేదు.

చారిత్రక ఫలకం అని దేనిని అనాలి?

దారి పక్కన కనిపించే రాతలన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాము గాని వాటిలో రెండు జాతులున్నాయి. పని జరిగిన రోజుల్లోనే, ఆ పని చేసినవారే చెక్కించిన రాత ఒకటి. దానశాసనం, సమాధి రాయి, శంకుస్థాపన ఫలకం, మైలురాయి ఈ కోవలోకి వస్తాయి. ఎన్నో ఏళ్ల తరువాత, కొన్నిసార్లు రెండువేల ఏళ్ల తరువాత, ఏదో ఒక శాఖ వచ్చి నిలబెట్టిన వివరణ బోర్డు రెండోది. మొదటిది సాక్షి వంటిది, రెండోది ఆ సాక్షి తరఫున మాట్లాడే వకీలు వంటిది. వకీలు అబద్ధమాడుతాడని నా ఉద్దేశం కాదు. అయితే ఆయన ఏది ముందు చెప్పాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో ఎంచుకుని వస్తాడు కనుక, బోర్డు ముందు నిలబడినప్పుడు దాన్ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నవి ముందుగా చూసుకోవాలి. ఆ రెండు వివరాలూ సాధారణంగా అడుగు వరుసలో, చిన్న అక్షరాలతో ఉంటాయి.

శంకుస్థాపన ఫలకాల గురించి ఒక మాట. పాత ఫలకం మీద ఏం కట్టారన్నది పెద్దగా, కట్టించినవారి పేరు చిన్నగా కనిపిస్తుంది. ఇప్పటి ఫలకం మీద పాతిక పేర్లు వరసగా ఉండి, ఏం కట్టారన్నది ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. రేపటి చరిత్రకారుడికి పేర్లకు కొదవ ఉండదు.

నీలం బోర్డు ఉన్నచోటుకూ, లేనిచోటుకూ తేడా ఏమిటి?

కేంద్ర పురావస్తు శాఖ నీలం బోర్డు పెట్టిన కట్టడం 1958 నాటి చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం కలదిగా ప్రకటించినది. 2010లో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల మేర అనుమతి తీసుకునే కట్టాలి. కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ ఈ కోవలోది. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. తొట్లకొండ, బావికొండ అలాంటివి. ఈ రెండు జాబితాల్లోనూ లేని పాత కట్టడాలు ఊరినిండా ఉన్నాయి, వాటికి స్థానికుల పట్టింపే రక్షణ.

బీచ్ రోడ్డులో గంటన్నర సమయం ఉంటే ఏవి చూడాలి?

రామకృష్ణా బీచ్ దగ్గర ఇసుక మీద నిలబడిన కుర్సురా జలాంతర్గామితో మొదలుపెట్టండి. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఈ సోవియట్ తయారీ నౌక 1969 డిసెంబరు 18న నావికాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27 వరకు పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయింది. లోపల గదులను వేరుచేసే గుండ్రటి ద్వారాల గుండా వంగి దాటేటప్పుడు, అంత ఇరుకులో వారాల తరబడి బతకడమంటే ఏమిటో బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది. ఆ దగ్గరలోనే 1988 నుంచి 2017 వరకు సముద్రం మీద నిఘా కాసిన టీయూ-142 విమానం ఉంది. 2017 డిసెంబరులో దాన్ని ప్రదర్శనశాలగా ప్రారంభించారు. అదే దారిలో 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ కనిపిస్తుంది.

చాలామంది చూడకుండా దాటిపోయేవి మరో రెండున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువు సముద్రం వైపు నుంచి దిగితే కాల్చడానికని తీరాన కట్టిన పిల్‌బాక్సులు, అంటే చిన్న కిటికీ సందులున్న మందపాటి కాంక్రీటు గూళ్లు, మొదటివి. అలలు ఇసుకను కోసుకుపోయినప్పుడు ఇవి మరికాస్త బయటపడతాయి, ఇసుక తిరిగి చేరినప్పుడు సగం మునిగిపోతాయి. వాటి మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తినేవారిని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. అవేమిటో చెప్పే పలక ఒక్కటి పక్కన ఉంటే కూర్చున్నవారే చదువుకుంటారు కదా అని మాత్రం అనిపిస్తుంది. ఆ గూళ్లు ఊరికే కట్టినవి కావు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీదా వేశాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఆ దాడిలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పాత డచ్ బంగళాలో 1991లో పెట్టిన ఈ మ్యూజియమే నేను చెప్పదలచిన రెండోది.

ఘాజీని మనవాళ్లే ముంచారా? ఫలకాలు చెప్పేది నిజమేనా?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి దగ్గరలో, అందులోని సిబ్బంది యావన్మందితో సహా మునిగిపోయిందనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అది విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిందనీ, ఆ సమయానికి విక్రాంత్ అండమాన్ వైపు ఉందనీ కూడా తెలిసినదే. ఎలా మునిగిందన్నది మాత్రం రెండు కథనాలుగా నిలిచిపోయింది. మన యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. రాజపుత్ వదిలిన డెప్త్ ఛార్జీల, అంటే నీటి లోపల పేలే బాంబుల, దెబ్బకని భారత నావికాదళం చెబుతుంది. తాను మోసుకొచ్చిన మందుపాతర పేలో, లోపలి మరో ప్రమాదం వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. స్మారకం విజయాన్ని తలచుకోవడానికి కట్టినది కనుక అక్కడ వాదప్రతివాదాలు వెతకడం అనవసరం. నడకలో పిల్లలు ఈ మాట అడిగినప్పుడు నేను రెండు కథనాలూ చెప్పి, ఆ తరువాత సముద్రం కేసి చూపిస్తాను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

పాత పట్నంలో ఏముంది? అక్కడ బోర్డులేవీ కనబడవే?

బోర్డులు తక్కువే, చరిత్ర మాత్రం అక్కడే ఎక్కువ. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ 17వ శతాబ్దం చివర్లో గిడ్డంగి తెరిచింది. 1689లో ఔరంగజేబు సైన్యం దానిని పట్టుకుని అందులోని కంపెనీవారిని చంపింది. 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు ఊరిని ఆక్రమించారు. 1780లో, హైదరాలీ మీద యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు పొమ్మన్నందుకు ఇక్కడి సిపాయిలు ఎదురుతిరిగారు. మీరట్ తిరుగుబాటుకు అప్పటికింకా 77 ఏళ్ల గడువుంది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లినోయ్ మూడు ఓడలతో వచ్చి, ఈ రేవులో లంగరు వేసి ఉన్న ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ మీద కాల్పులు జరిపాడు.

రేవు దగ్గర ఒకేచోట నిలబడితే మూడు కొండలు వరుసగా కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద చర్చి. యారాడ కొండ చివర సముద్రంలోకి ముక్కు చాచినట్టుండే చోటును తెల్లవారు డాల్ఫిన్స్ నోస్ అన్నారు, ఆ పేరే నిలిచింది. ఎన్ని ఓడలకు అది దారి గుర్తయిందో చెప్పే బోర్డు అవసరం లేదనుకుంటాను.

పాత పట్నంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక పేరు. గోడే వెంకట జగ్గారావు మద్రాసు అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్త టేలర్ దగ్గర ఖగోళ విద్య నేర్చి వచ్చి, 1840లో ఇక్కడి డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, గ్రహణాలనూ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్నీ పరిశీలించారు. ఊళ్లో అందరికీ తెలిసిన మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులోని పొడి అక్షరాలు ఆయనవే. మిసెస్ అంటే ఆయన భార్య, జగ్గారావు గారి కుమార్తె. ఆ కళాశాల నిలబడింది ఆవిడ దానంతో. దానం ఆవిడది, అక్షరాలు భర్తవి, ఆవిడ సొంత పేరు మాత్రం ద్వారం మీదకు రాలేదు. ఒక పేరు పలక ఏం చెబుతుందో, ఏం దాస్తుందో చూపించడానికి నేను ప్రతి నడకలోనూ ఆ గేటు ముందు ఐదు నిమిషాలు ఆగుతాను.

బౌద్ధ స్థలాల పేర్లన్నీ మామూలు తెలుగు మాటల్లా ఉన్నాయి. అసలు పేర్లు ఏమై ఉంటాయి?

ఆ మామూలు మాటలే ఇక్కడి ఫలకాలు. ఆ కట్టడాల్లో బౌద్ధం అంతరించి, ఇటుకలు మట్టిలో కూరుకుపోయిన తరువాత, పశువులు మేపుకునేవారికి కొండ మీద కనిపించినవి రాతిలో తొలిచిన నీటితొట్లు, బావులు, పావురాలు. అలా తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ అయ్యాయి. శంకరం మాత్రం సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, అన్న మాటనూ, బొజ్జన్న బుద్ధుణ్ణీ నోటిలోనే దాచుకుని వచ్చాయి. ఏ బోర్డూ లేని శతాబ్దాల్లో పేరును కాపాడినది ఆ నోళ్లే.

భీమిలి దారిలోని తొట్లకొండ, నావికాదళం తన స్థావరం కోసం విమానాల నుంచి సర్వే చేసినప్పుడు వెలుగులోకి వచ్చింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 తరువాత వరుసగా అక్కడ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యాలు అనే పూజామందిరాలు, భిక్షువుల గదులు, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ అంచున నిలబడి కింద సముద్రాన్ని చూస్తే, ఆ నాణెం ఎక్కడి నుంచి ఏ దారిన ఇక్కడికి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బావికొండలో 1980ల తవ్వకాల్లో అస్థి శకలం ఉన్న పాత్ర దొరికింది. బొజ్జన్నకొండను అలెగ్జాండర్ రే 20వ శతాబ్దం మొదటి దశకంలో తవ్వించారు, అక్కడ సముద్రగుప్తుని నాణెం కూడా లభించింది.

తొట్లకొండకు వెళ్లేవారికి ఒక సూచన. పైన ఎండ గట్టిగా ఉంటుంది, నీడ తక్కువ. రెండువేల ఏళ్ల కిందటి భిక్షువులు వాననీటిని పట్టుకునే ఏర్పాటు చేసుకున్నారు, మీరు కనీసం సీసా అయినా పట్టుకెళ్లండి.

సింహాచలం గోడల మీది శాసనాలు చదవాలంటే సంవత్సరాలు ఎలా లెక్కపెట్టాలి?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, అందుకే జవాబు కాస్త పొడుగు. సింహాచలంలో 11వ శతాబ్దం చివర కుళోత్తుంగ చోళుని కాలం నుంచి మొదలుపెట్టి కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల మీదుగా 1516లో కృష్ణదేవరాయల రాక వరకు, ఆ తరువాత కూడా, దాతలు ఇచ్చిన భూములు, అఖండదీపాలకు ఇచ్చిన గోవులు, నగలు స్తంభాల మీద, గోడల మీద నమోదై ఉన్నాయి. దేవుడి ఖాతా పుస్తకం అది.

శాసనంలో శక సంవత్సరం ఉంటే దానికి 78 కలిపితే సామాన్య శకం వస్తుంది. అయితే పుష్య మాసం నడుమ నుంచి ఫాల్గుణం వరకు ఉన్న తిథి అయితే 79 కలపాలి, ఎందుకంటే ఆపాటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. పక్కన ప్రభవ, విభవ వంటి 60 పేర్లలో ఒకటి ఉంటే అది సరిచూసుకునే తాళంచెవి. ఉదాహరణకు 1516 వసంతంలో మొదలైన సంవత్సరం శక 1438, పేరు ధాత. మన ఇళ్లలో చాలామందికి గుర్తున్న 1996 కూడా ధాతే. మధ్య తేడా 480 ఏళ్లు, అంటే సరిగ్గా ఎనిమిది చుట్లు. లెక్క కుదిరింది.

కొన్ని శాసనాల్లో అంకెలు ఉండవు, మాటలుంటాయి. శశి అంటే 1, నేత్రం అంటే 2, రామ అంటే 3, వేదం అంటే 4, బాణం అంటే 5, రసం 6, ముని 7, గజం 8, నిధి 9, గగనం 0. వీటిని కుడి నుంచి ఎడమకు తిప్పి రాసుకోవాలి. ‘అంకానాం వామతో గతిః’ అని సూత్రం. ‘గజ రామ వేద శశి’ అని నేను రాశాననుకోండి, 8, 3, 4, 1 అని విడదీసి తిప్పితే 1438 వస్తుంది. నడకకు వచ్చిన పిల్లలు తమ పుట్టినరోజులను ఇలా రాసుకోవడం మొదలుపెడితే ఇక శాసనం దగ్గర నుంచి కదలరు.

గాంగుల శాసనాల్లో మరో చిక్కు ఉంది. వారు రాజు ఏలుబడిని అంకాలలో లెక్కపెట్టేవారు. ఆ లెక్కలో 1 ఉండదు, 6 ఉండదు, 6తో ముగిసేవి ఏవీ ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కనుక ‘12వ అంకం’ అని కనిపిస్తే అది పన్నెండో ఏడు కాదు, పదో ఏడు. ఈ సంగతి తెలియకుండా రాసిన బోర్డుల మీద రాజులు రెండు మూడేళ్లు ఎక్కువ బతికిన సందర్భాలు నేను చూశాను.

అక్షరాలు కనబడకపోతే సుద్దపొడి రాయవచ్చా?

రాయకూడదు. ఈ తప్పు నేనే చేశాను. మొదట్లో ఒక పల్లె గుడి దగ్గర, ఫొటో బాగా వస్తుందని, అరిగిపోయిన అక్షరాల్లో సుద్ద నింపాను. నాకు లిపి నేర్పిన మాస్టారు ఫొటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘‘బాబూ, నువ్వు చదివింది రాశావు, రాతిలో ఉన్నది కాదు. ఆ మూడో అక్షరం ‘ప’ కాదు, ‘వ’. ఇప్పుడు నీ ఫొటో చూసినవాళ్లంతా ‘ప’ అనే అంటారు’’ అన్నారు. ఆ మరక పోయేంతవరకు మూడు వానాకాలాలు అటు వెళ్లి చూసి వచ్చాను.

సరైన పద్ధతి వెలుతురే. పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో, లేదంటే చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే, నడిమధ్యాహ్నం చదునుగా కనిపించిన రాయి మీద అక్షరాలు నీడలతో లేచి నిలబడతాయి. పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఇనప బ్రష్షు, యాసిడ్, నూనె ఏదీ వద్దు. మన ప్రాంతపు ఖొండలైట్ రాయి సముద్రపు ఉప్పుగాలికి అసలే పొరలు పొరలుగా రాలుతుంది.

భీమిలిలో ఉన్నవి ఎవరి సమాధులు?

డచ్ కంపెనీ వర్తకులవి, వారి భార్యాపిల్లలవి. మన పాత తెలుగులో డచ్చివారిని వలందులు, ఫ్రెంచివారిని పరాసులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట ఇప్పటికీ ఉన్నాయి. వలందులు 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో స్థిరపడి, ఇంగ్లీషువారితో కుదిరిన 1824 ఒప్పందం మేరకు 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. శ్మశానంలోని సమాధుల మీది పలకల్లో వయసులు చదవండి, చిన్నపిల్లలవి కూడా తగులుతాయి. భీమునిపట్నం పురపాలక సంఘం 1861లో ఏర్పడింది.

దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. అవి కట్టడం కాదు, గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్లలో పోసిన ఇసుక. భూవిజ్ఞాన సర్వే సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది.

పద్మనాభం యుద్ధం గురించి ఎందుకు తక్కువగా వింటాము?

ఓడిపోయిన యుద్ధాలకు ఫలకాలు ఆలస్యంగా వస్తాయి. పేష్కషు, అంటే కప్పం, బకాయిల పేరిట కంపెనీ విజయనగరం సంస్థానాన్ని చేజిక్కించుకోబోతే, చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర తన మనుషులతో నిలబడి, 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో పోరాడి మరణించారు. పోరు గంటసేపు కూడా సాగలేదు. భీమిలి నుంచి పద్మనాభం దగ్గరే. అనంత పద్మనాభస్వామి కొండ ఎక్కి కింది మైదానం చూసి రండి.

అల్లూరి సీతారామరాజుకు సంబంధించినవి విశాఖ చుట్టూ ఏవి?

ఆయన 1897 జూలై 4న పుట్టిన పాండ్రంగి ఇక్కడికి దగ్గరే. పైన చెప్పిన ఏ.వి.ఎన్. కళాశాలలో కొంతకాలం చదివారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. విగ్రహాలు ప్రతి కూడలిలోనూ ఉన్నాయి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, అదీ ఆనాటి అడవి దారుల్లో కాలినడకన అంటే ఏమిటో తెలియాలంటే, విగ్రహాల కన్నా ఆ ఘాట్ రోడ్డు మీద ప్రయాణం ఎక్కువ చెబుతుంది.

ఉక్కు ఉద్యమం ఫలకాలూ చరిత్ర కిందికే వస్తాయా? ఇంకా చూసినవాళ్లు బతికే ఉన్నారు కదా?

చూసినవాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో ఊరు కదిలింది. టి. అమృతరావు నిరాహారదీక్ష చేశారు, తెన్నేటి విశ్వనాథం వంటివారు ముందు నడిచారు. 1966 నవంబరు 1న, సరిగ్గా రాష్ట్ర అవతరణ దినాన, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయినవారు 32 మంది అని చెప్పుకుంటారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. పి.వి. నరసింహారావు 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు. కాల్పుల నుంచి అంకితం వరకు దాదాపు 26 ఏళ్లు. ప్రధానుల పేర్లున్న పలకలు చూడటం సులువు, ఆ 32 పేర్లూ చదవడానికి మాత్రం తీరిక చేసుకోవాలి.

రేవుకూ, నౌకాశ్రయానికీ కూడా ఇలాంటి తేదీలున్నాయి. హార్బరు 1933లో తెరిచారు. సింధియా సంస్థ నౌకానిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేయగా, అక్కడ కట్టిన జల ఉష అనే ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు.

మైలురాళ్ల రంగులకు అర్థమేమిటి?

పైభాగం పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నలుపు అయితే జిల్లా లేదా నగర దారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. విశాఖ గుండా పోయే 16వ నంబరు రహదారికి 2010 ముందు 5వ నంబరు ఉండేది, పాత దుకాణాల బోర్డుల మీద ఆ ఐదు ఇంకా మిగిలి ఉంది.

మైళ్లలో దూరం చెక్కిన అసలు మైలురాళ్లు అరుదైపోయాయి. దశాంశ కొలతలు 1956 చట్టంతో వచ్చాక వాటిని మార్చారు, మార్చనివాటిని తారు మింగేసింది. రోడ్డు వేసిన ప్రతిసారీ నేల మట్టం కొంత లేస్తుంది, రాయి అంత దిగుతుంది. అలాంటిదొకటి పాత దారి పక్కన టీ బడ్డీకి పీట అయింది. పైన గుండ్రటి తల మాత్రం కనిపిస్తూ, కూర్చునీ కూర్చునీ గాజులా నునుపుదేరింది. నేను టేపు పెట్టి కొలుస్తుంటే బడ్డీ మామ్మ, ‘‘ఏటి బాబూ, మా రాయి కొలుస్తన్నారు? ఎత్తుకెలిపోతారేటి?’’ అని అడిగింది. ఎత్తుకుపోనని చెప్పాక, అడుగున ఏదో రాసి ఉంటుందనీ, తన పెళ్లయిన కొత్తలో ఆ రాత మోకాలెత్తులో ఉండేదనీ చెప్పింది. నలభై ఏళ్ల తారు మందం నాకు అలా తెలిసింది.

బోర్డు మీద తప్పు కనిపిస్తే ఏం చేయాలి?

ముందు అది నిజంగా తప్పేనా, లేక మీరు చదివినదే తప్పా అన్నది చూసుకోండి. తప్పే అయితే ఫొటో, ఉండవలసిన పాఠం, దానికి ఆధారం మూడూ జతచేసి, బోర్డు పెట్టినవారికి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఓపిక కావాలి. శతాబ్దం తప్పుగా ఉన్న ఒక బోర్డు గురించి నేను ఒక కార్యాలయానికి మూడుసార్లు రాశాను. ఏడాది తరువాత బోర్డుకు కొత్త రంగు వేశారు. తప్పు అలాగే ఉంది, మరింత మెరుస్తూ. నాలుగో అర్జీకి మారింది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానుకు విరిగిపోయిన బోర్డుల విషయంలో కూడా పాత పాఠం ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే అది పనికొస్తుంది, కనుక మీరు తీసే ప్రతి ఫొటోలోనూ బోర్డు పూర్తిగా పడేటట్టు చూసుకోండి.

పొలం దున్నుతుంటే రాతలున్న రాయో, నాణేలో దొరికితే?

దొరికినచోటే ఉంచి, కదపకముందు ఫొటో తీసి, తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ తెలియజేయండి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచినవారికి శిక్ష ఉంది, చెప్పినవారికి చట్టప్రకారం వాటా దక్కే వీలుంది. నూరేళ్లు దాటిన విగ్రహాలు, నాణేల అమ్మకం మీద 1972 చట్టం ఆంక్షలు పెట్టింది. రాయిని ఇంటికి తెచ్చి పసుపు కుంకుమ పెట్టి గట్టు మీద నిలబెట్టేవారున్నారు. భక్తి మంచిదే, కాని రాయి ఏ పొలంలో, ఎంత లోతులో, ఏ దిక్కుగా పడి ఉందో చెప్పే సంగతి అక్కడే పోతుంది.

మా వీధిలో మేమే ఒక ఫలకం పెట్టుకోవచ్చా?

సొంత గోడ మీదైతే మీ ఇష్టం. రోడ్డు స్థలమైతే నగరపాలక సంస్థ అనుమతి కావాలి, రక్షిత కట్టడం దగ్గరైతే పురావస్తు శాఖది కూడా. పాఠం ఐదారు వాక్యాలకు మించనీయకండి, తెలుగును పైన పెట్టండి, ‘చెప్పుకుంటారు’ అనవలసినచోట ‘జరిగింది’ అని రాయకండి, పెట్టిన తేదీ తప్పకుండా వేయండి. రేకు కన్నా గ్రానైటు మేలు, ఈ ఉప్పుగాలికి రేకు ఎక్కువ కాలం ఆగదు. నేల మట్టానికి కనీసం మూడడుగుల ఎత్తున బిగించండి, తారు సంగతి పైన చెప్పాను కదా.